స్వెట్టర్ నీళ్లలో వేసేముందు లేబుల్ తిప్పి చూడండి

ఇవాళ విశాఖ దగ్గరున్న మన ఆనందపురం నుంచే మాట్లాడుతున్నాను. ధనుర్మాసంలో తెల్లవారుజామున ఇక్కడి పూల మార్కెట్‌కి వెళ్తే, బంతిపూల బుట్టల వెనక అందరూ స్వెట్టర్లు, మంకీ క్యాపులతో కనిపిస్తారు. సంక్రాంతి వెళ్లాక అవన్నీ ఉతికి బీరువాలో పెట్టేస్తాం. అరకు, లంబసింగి చూసి వచ్చినవాళ్ల స్వెట్టర్లదీ అదే దారి. మన దగ్గర స్వెట్టర్లు తొడుక్కుని అరిగిపోవడం తక్కువ. ఉతికేటప్పుడు కొన్ని పాడైతే, దాచిన చోట మిగతావి పాడవుతాయి.

ముందు పక్క కుట్టు లోపలున్న లేబుల్ చూడండి. 100 శాతం అక్రిలిక్ అని ఉంటే అందులో ఉన్ని పోగు ఒక్కటీ లేనట్టే. చలికాలంలో విశాఖలో టిబెటన్లు పెట్టే దుకాణాలైనా, మామూలు బట్టల షాపులైనా, మనకొచ్చే స్వెట్టర్లు ఎక్కువగా లూథియానా సరుకే. అందులో అక్రిలిక్ బాగా ఎక్కువ.

లేబుల్ ఊడిపోయిందా? లోపలి కుట్టు నుంచి చిన్న పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద వెలిగించండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద నలిపితే పొడి అయిపోతుంది. అక్రిలిక్ నల్లటి పొగతో కరుగుతూ మండి, చివర గట్టి పూస మిగులుస్తుంది. ఆ పూస చల్లారేదాకా ముట్టుకోకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇంత పరీక్ష దేనికంటే, ఈ రెండింటికీ పడనివి వేరు వేరు.

ఉన్ని అంటే కెరాటిన్ అనే ప్రోటీన్. మన జుట్టులో ఉన్నదీ అదే. మైక్రోస్కోపులో చూస్తే ఉన్ని పోగు మీద పెంకుటింటి కప్పులా పొలుసులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. వేడి నీళ్లు, సబ్బులోని క్షారం తగిలితే ఆ పొలుసులు విచ్చుకుంటాయి. అప్పుడు రుద్దినా, బండకేసి బాదినా పోగులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని బిగుసుకుపోతాయి. పెద్దవాళ్ల స్వెట్టర్ పిల్లలకు సరిపోయేంత అయిపోతుంది. ఆ బిగింపు ఇక విడదు. ఇంకో ప్రమాదం డిటర్జెంట్ పౌడర్లలోని ప్రోటియేజ్ ఎంజైము. గుడ్డు, పాల మరకల్ని కరిగించడానికి వేసేది అదే. ఉన్నీ ప్రోటీనే కదా, దాన్నీ కొరుకుతుంది.

దీనికి మనింట్లోనే మంచి మందుంది, కుంకుడుకాయలు. వాటిలోని సపోనిన్ నురగనిస్తుంది, క్షారం ఉండదు. రాత్రి గుప్పెడు కాయలు గింజ తీసి నానబెట్టి, పొద్దున పిసికి వడకట్టండి. తెల్ల ఉన్నికి మాత్రం ఆ రసం రంగు అంటుకోవచ్చు కాబట్టి ఈజీ లాంటి ఉన్నిబట్టల లిక్విడ్ వాడండి. మిద్దె మీద నల్ల ట్యాంకు ఉన్నవాళ్లు పొద్దున్నే ఉతికేయాలి. ఎండ ముదిరాక ఆ కుళాయిలో వచ్చేవి వేడినీళ్లే. ఆ రసమో లిక్విడో కలిపిన చల్లటి నీళ్లలో స్వెట్టర్‌ను పది నిమిషాలు నాననిచ్చి, అరచేతులతో మెల్లగా నొక్కండి. పిండకండి. పొడి తువ్వాల్లో చుట్టి ఒత్తితే నీళ్లు దిగిపోతాయి. తర్వాత నీడలో, బల్ల మీదో మంచం మీదో పరిచి ఆరబెట్టండి. తడి ఉన్ని చాలా బరువు, తాడు మీద వేస్తే సాగిపోతుంది.

అక్రిలిక్ రసాయనాలతో చేసిన పోగు. డ్యుపాంట్ కంపెనీ 1950లో ఓర్లాన్ పేరుతో మార్కెట్‌కి తెచ్చింది. దీనికి పొలుసులు లేవు, పురుగు తినే ప్రోటీనూ లేదు. మెషీన్‌లో వేసుకోవచ్చు. అయితే వేడి అస్సలు పడదు. తడిగా ఉన్నప్పుడు వేడి తగిలితే మెత్తబడి సాగుతుంది, మళ్లీ వెనక్కి రాదు. ఇస్త్రీపెట్టె ఆనిస్తే దాని ఉబ్బు శాశ్వతంగా అణిగిపోతుంది. తిరగేసి, నెట్ సంచిలో పెట్టి, చల్లటి నీళ్లలో తక్కువసేపు తిప్పండి. 2016లో ప్లిమత్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కగట్టారు: ఆరు కిలోల అక్రిలిక్ బట్టలు ఒక్కసారి ఉతికితే 7 లక్షలకు పైగా సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయట. పక్కనే భీమిలి సముద్రం పెట్టుకున్న మనం ఊరికే పదే పదే ఉతకడం మానాలి.

మెషీన్‌లో వూల్ బటన్ ఉంది కదా అంటారా? ఫ్రంట్ లోడ్‌లో అది డ్రమ్మును మెల్లగా ఊపుతుంది, పర్వాలేదు. టాప్ లోడ్‌లో అడుగున తిరిగే చక్రం బట్టను మెలిపెడుతుంది. నిజమైన ఉన్నిని అందులో వేయొద్దనే నా మాట.

ఇక దాచడం. విశాఖ గాలిలో తేమ ఎక్కువ. కాస్త చెమ్మ మిగిలినా బూజు పడుతుంది. బట్టల చిమ్మట పిల్లలు ఉన్నిని తింటాయి, చెమట, తిండి మరకలున్న చోటే ముందు పట్టుకుంటాయి. అందుకే ఉతక్కుండా దాచొద్దు. పూర్తిగా ఆరాక నూలు సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్ వద్దు. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తీసి గాలికి ఆరేయండి.

కలరా ఉండలు వేసేవాళ్లకి ఒక విన్నపం. అవి నాఫ్తలీన్. పుట్టుకతో జీ6పీడీ ఎంజైము లోపమున్న పసిపిల్లలకి ఆ ఆవిరి సోకితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, కామెర్లు ముదిరే ప్రమాదముంది. ఆ లోపం ఏ బిడ్డకుందో బయటికి కనిపించదు. చంటిపిల్లల స్వెట్టర్లు, టోపీలు, దుప్పట్లు ఉన్నచోట ఆ ఉండలు పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే, బిడ్డకి తొడిగే ముందు ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరుబయట ఆరేయండి.