ఫైలు ఎక్కడ ఆగింది?

(సంఘ వార్షిక సమావేశంలో విశ్రాంత సూపరింటెండెంటు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



విశ్వవిద్యాలయ పాలన ఎలా మెరుగుపడాలన్న విషయంపై మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. ముప్పై రెండేళ్లు పరీక్షల విభాగంలో పనిచేసి 2008లో రిటైరయ్యాను. నాకు తెలిసింది ఫైళ్ల సంగతే. అక్కడినుంచే మొదలుపెడతాను.

1997లో ఒక తండ్రి మా కౌంటరు దగ్గరకు వచ్చారు. కూతురికి విదేశంలో సీటు వచ్చింది. ట్రాన్‌స్క్రిప్టు కోసం చలానా కట్టి నెల దాటింది. వెతికితే ఫైలు నా టేబులు మీదే ఉంది. టపాలో నాలుగు రోజులు, డీలింగ్ అసిస్టెంటు దగ్గర తొమ్మిది, ఫీజు సరిచూడటానికి అకౌంట్స్‌లో వారం, మిగతా రోజులు నా దగ్గర. అసలు పని గంటన్నర. ఎవరం రూలు తప్పలేదు. ఆ అమ్మాయికి మాత్రం గడువు తప్పింది. ఆయన కోప్పడలేదు. "సరే సార్" అని వెళ్లిపోయారు. ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

మా కోడలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రోజూ పొద్దున పావుగంట తన జట్టుతో మాట్లాడుతుంది. నిన్న ఏం చేశాం, ఈరోజు ఏం చేస్తాం, ఎక్కడ అడ్డం పడింది? అంతే. దీన్ని 'అజైల్' పద్ధతి అంటారట. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని దీని సూత్రాలు రాసుకున్నారు. కాగితాల కంటే పనిచేసే వస్తువు, పద్ధతుల కంటే మనుషులు ముఖ్యమన్నారు. కాగితాలు అక్కరలేదనలేదు సుమండీ! పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, రెండు మూడు వారాలకొకసారి పూర్తయినంత చూపించి, లోపాలు దిద్దుకుంటారు.

ఇంకొకటి కాన్‌బాన్. జపానులోని టయోటా కార్ల కర్మాగారంలో తైచీ ఓనో అనే ఇంజనీరు పెంపొందించిన పద్ధతి ఇది. ఇప్పుడు ఆఫీసుల్లో దాన్ని ఒక బోర్డు మీద మూడు గళ్లుగా వాడుతున్నారు: చేయవలసినవి, చేస్తున్నవి, అయినవి. చేతిలో పని ఒక పరిమితి దాటితే కొత్తది తీసుకోరు. మా సెక్షనులో అలాంటి బోర్డు ఉంటే ఆ ట్రాన్‌స్క్రిప్టు ఎక్కడ ఆగిందో గోడే చెప్పేది.

అయితే విశ్వవిద్యాలయం సాఫ్ట్‌వేర్ కంపెనీ కాదు. ప్రశ్నపత్రం రహస్యం బోర్డెక్కదు. మార్కులు ఇద్దరు సరిచూడవలసిందే. ఆడిట్ ఉంటుంది, ఆర్డినెన్సులుంటాయి. కాబట్టి ముందు ఒక్క పని తీసుకోవాలి, ట్రాన్‌స్క్రిప్టే అనుకోండి. పరీక్షలు, అకౌంట్స్, కంప్యూటరు, రికార్డు రూము నుంచి ఒక్కొక్కరిని కలిపి చిన్న జట్టు చేయాలి. ప్రతి సంతకం దగ్గరా 'ఇది ఎందుకు?' అని అడగాలి. జవాబున్న సంతకం ఉంచాలి, లేనిది పై అధికారుల అనుమతితో తీసేయాలి.

ఇక ప్రతిభ సంగతి. మా రికార్డు రూములో ఒక అటెండరు ఉండేవాడు. ఏ సంవత్సరం టాబ్యులేషన్ రిజిస్టరైనా అయిదు నిమిషాల్లో తెచ్చేవాడు. "బీరువాలకు సంవత్సరాలవారీగా రంగు చీటీలు అంటిద్దామండీ" అని ఒకసారి అన్నాడు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాను. అతను రిటైరయ్యాక ఒక్కో రిజిస్టరు వెతకడానికి రెండ్రోజులు పట్టింది. ప్రతిభావంతులు కావాలని ప్రకటనలిస్తాం. ఉన్నవాళ్ల నోరు మాత్రం హోదా చూపి మూయిస్తాం. ఆ తప్పు నాది.

మిత్రులారా, రేపు మన ఇంట్లోవాళ్ల ఫ్యామిలీ పెన్షను కాగితాలు కూడా ఇలాంటి టేబుళ్ల మీదుగానే నడవాలి. అందుకని నాదొక మనవి. పాత నిబంధన ఏది ఎందుకు పుట్టిందో మనకు తెలుసు. మనలో ఓపికున్నవారు నెలకొక పూట వెళ్లి కొత్త ఉద్యోగులు అడిగినదానికి జవాబు చెబుదాం. సలహాలు వద్దు, జవాబులు చాలు. మన అనుభవం మనతోనే రిటైరు కాకూడదు.