వేటతుపాకి గుండు: ఎంపిక, కూర్పు, బాధ్యత

(సంఘ సమావేశమున చేసిన ఉపన్యాసపు పాఠము)



చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తరతరాలుగా కాపురమున్న తెలుగు కుటుంబములు అనేకము. వానిలో కొన్ని పాత ఇండ్ల గోడలమీద నేటికిని దుప్పికొమ్ములు కనిపించును. అటకమీది పెట్టెలో నాలుగైదు ఇత్తడి తూటాలును పడియుండవచ్చును. వానితోపాటు తాతలనాటి వేటకథలు కూడ మనకు సంక్రమించినవి. ఆ కథలలో జంతువు ఎక్కడ కూలినదో చక్కగా చెప్పుదురు. గాయపడి పొదలోనికి పోయిన జంతువు తరువాత ఏమైనదో మాత్రము చెప్పువారు అరుదు. ఆ చెప్పని కథకు గురి తప్పుట ఎంత కారణమో, గుండు తప్పుట కూడ అంతే కారణము. కనుకనే నేడు ఈ విషయమును ఎత్తుకొన్నాను.

ముందుగా తూటా అనగా ఏమో చూతము. దానికి నాలుగు అంగములు. ఇత్తడి గొట్టము ఒకటి. దాని అడుగున నిప్పు పుట్టించు కేపు రెండవది. లోపలి మందు మూడవది. మూతివద్ద బిగించిన గుండు నాలుగవది. గుండు బరువును, మందు బరువును గ్రెయిన్లలో లెక్కింతురు. ఈ కొలత మన కంసాలి అంగళ్లకు క్రొత్త కాదు. పాత తులము సరిగా 180 గ్రెయిన్లు. గురిగింజ ఎత్తు సుమారు రెండు గ్రెయిన్లు. 300 గ్రెయిన్ల గుండు అనగా ఒక తులముమీద మూడింట రెండు పాళ్లు. పెద్ద మృగమును కూల్చునది ఇంతటి చిన్న లోహపు ముక్కయే. కావున అది ఎట్టిదైయుండవలెనన్న ప్రశ్న చిన్నది కాదు.

నల్లమందు కాలములో గుండు ఉత్త సీసపు ముద్ద. అది మెల్లగా పోవును గనుక సీసము చాలెడిది. 19వ శతాబ్దము చివర పొగలేని మందు వచ్చినది. 1889లో కార్డైటు పుట్టినది. గుండు వేగము మిక్కిలి హెచ్చినది. ఆ వేగమునకు ఉత్త సీసము గొట్టములోపలనే అరిగి అంటుకొనసాగెను. అందుచేత సీసమునకు రాగి లేక నికెల్ కలిసిన లోహపు తొడుగు వేసిరి. అయితే మొన వరకు తొడుగు ఉన్న గుండు దేహములో సూదివలె దూరి ఆవలికి పోవును. రంధ్రము చిన్నది, గాయము ఇరుకు. దీనికి మారుగా కలకత్తా సమీపమున నున్న డమ్‌డమ్ ఆయుధశాలలో 1890ల నడుమ మొనవద్ద సీసమును తెరచియుంచిన గుండును చేసిరి. అది తగిలినవెంటనే పుట్టగొడుగువలె విచ్చుకొనును. మనుష్యులమీద అట్టి గుండును ప్రయోగించుట క్రౌర్యమని 1899 నాటి హేగ్ ప్రకటన యుద్ధములలో దానిని నిషేధించినది. వేటలో న్యాయము ఇందుకు విరుద్ధము. యుద్ధములో శత్రువును నిలువరించిన చాలును. వేటలో జంతువును క్షణములో చంపకపోవుటయే క్రౌర్యము. అందుచేత వేటకు విచ్చుకొను గుండే ధర్మమైనది.

అయినను అన్నింటికి ఒకే గుండు తగదు. చుక్కల దుప్పి దేహము సుకుమారము. అక్కడ త్వరగా విచ్చుకొను మెత్తని మొన కావలెను. మగ అడవిపంది భుజముమీద గట్టిపడిన పలకవంటి చర్మముండును. పలుచని తొడుగు గల వేగపు గుండు అక్కడనే చిట్లిపోవును, ఊపిరితిత్తులను చేరదు. పులికి, ఎలుగుబంటికి బరువైన గుండు, దళసరి తొడుగు, మెత్తని మొన కావలెను. ఏనుగు తల ఎముకకు మాత్రము మెత్తని మొన పనికిరాదు. మొన వరకు తొడుగు ఉన్న గట్టి గుండు మాత్రమే సూటిగా లోనికి పోగలదు. హాలండ్ అండ్ హాలండ్ వారు 1912లో తెచ్చిన .375 తుపాకికి 300 గ్రెయిన్ల మెత్తని గుండును, అదే బరువున గట్టి గుండును రెండును దొరకుటచేత అది పేరుపొందినది. విచ్చుకొనుట, లోనికి దూరుట, ఈ రెండింటిని సమన్వయించుటయే గుండు తయారీలోని సమస్య అంతయు. అమెరికాలో జాన్ నోస్లర్ అనునతడు 1946లో ఒక పెద్ద మూస్ దుప్పిమీద గుండ్లు విఫలమగుటను చూచి, నడుమ లోహపు అడ్డుగోడ గల గుండును చేసెను. ముందు సగము విచ్చుకొనును, వెనుక సగము చెక్కుచెదరక లోనికి పోవును.

తగని గుండు ఫలమేమో మనదేశ చరిత్రయే చెప్పుచున్నది. 1907లో జిమ్ కార్బెట్ కుమావూ కొండలలో చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టపెట్టుకొన్నదని ఆయన వ్రాసెను. దాని కుడివైపు మీది కోర సగము విరిగియుండెను, క్రింది కోర ఎముకవరకు విరిగియుండెను. అది పాత తుపాకి గాయము. ఆ గాయముచేతనే అది తన సహజాహారమును వేటాడలేక మనుష్యులమీద పడినదని ఆయన నిర్ణయము. ఎవడో ఒకడు ఒక గుండు కాల్చి, చేయి దులుపుకొని ఇంటికి పోయెను. ఫలమును నాలుగు వందల కుటుంబములు అనుభవించినవి.

మనకు ఇంకను దగ్గరివాడు కెన్నెత్ ఆండర్సన్. 1910లో హైదరాబాదు బొలారములో జన్మించి, బెంగుళూరులో స్థిరపడి, 1974లో మరణించెను. 1954లో వెలువడిన ఆయన మొదటి వేటపుస్తకములో మన పొరుగున నాటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ పులిని గూర్చి ఒక అధ్యాయము కలదు. ఆయన తుపాకి .405 వించెస్టర్, 1904లో వచ్చిన ఆ తూటా 300 గ్రెయిన్ల గుండును సెకనుకు సుమారు 2200 అడుగుల వేగముతో విసరెడిది. వేగము మితము, బరువు ఘనము. దట్టమైన పొదలలో దగ్గరినుండి కాల్చువానికి తగిన జోడు అది.

ఇక తూటాలను ఇంటివద్ద కూర్చు విద్యను గూర్చి. అమెరికా మొదలగు దేశములలో వేటగాండ్రు దీనిని చట్టసమ్మతముగా చేయుదురు. కాల్చిన ఇత్తడి గొట్టమునుండి పాత కేపును తీసి, వ్యాకోచించిన గొట్టమును అచ్చులో నొక్కి పూర్వపు కొలతకు తెచ్చి, క్రొత్త కేపు పెట్టి, మందును తూచి పోసి, గుండును నిర్ణీతపు లోతున బిగింతురు. తన తుపాకికి సరిపడు గుండును, వేగమును తానే ఎంచుకొనవచ్చుననుట దీని లాభము. అయితే ఇది వంటయింటి చేతికొలత కాదు. గరిష్ఠపు కొలతవద్ద ఒక గురిగింజ ఎత్తు మందు హెచ్చైనను పీడనము ప్రమాదకరముగా పెరుగవచ్చును. ఒక మందుకు బదులు మరియొకటి పోసిన తుపాకి చేతిలోనే పగిలిపోవచ్చును. ఎండయు లెక్కలోనిదే. చల్లని ఇంగ్లండులో సరిపోయిన కార్డైటు మన వేసవిలో పీడనము హెచ్చి గొట్టము ఇరుకుకొనెడిది. అందుచేత ఉష్ణదేశములకు మందు తగ్గించిన తూటాలను ఆ కంపెనీలు వేరుగా చేసెడివి. అనుభవజ్ఞులైన కర్మాగారములే ఇంత జాగ్రత్తపడినచో, పాత పెట్టెలోని తూటాను విప్పి నింపజూచు కుఱ్ఱవాని సంగతి ఏమి చెప్పవలెను?

పాత తూటాలయందు మరియొక చిక్కు కలదు. .450 కొలత గుండ్లు తిరుగుబాటుదారుల చేతికి చిక్కునన్న భయముచేత నాటి ప్రభుత్వము మనదేశమున ఆ కొలతను 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో నిషేధించెను. దానితో తయారీదారులు .465, .470 మొదలగు క్రొత్త కొలతలు పుట్టించిరి. కంటికి ఒక్కటిగా తోచు ఈ తూటాలు ఒకదానికొకటి సరిపడవు. తాతగారి తుపాకి ఒకటి, పెట్టెలోని తూటా వేరొకటి కావచ్చును.

వేట కాలము ముగిసినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని తరువాతి సవరణలు వినోదపు వేటను మూసివేసినవి. మనుష్యులకు ప్రమాదకరమైన జంతువును చంపుటకు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని ఆజ్ఞ వలయును. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాలు తయారుచేయుట నేరము. అట్లయిన ఈ విద్య మనకెందుకని మీరడుగవచ్చును. చేనికి పందులు వచ్చినపుడు నాటుతుపాకిలో సీసపు ముక్కలు, ఇనుపముక్కలు కూరి చీకటిలో కాల్చవలెనను ఆలోచన పల్లెలలో ఇంకను చావలేదు కనుక. అట్టి కాల్పుతో పంది చావదు. కుంటుచు పోయి, మరునాడు కట్టెలకు పోయిన ఆడకూతురిమీద పడును. చిరుతకు తగిలినచో ఆ కథ చంపావత్ దారి పట్టవచ్చును.

కావున సభ్యులకు నా మనవి మూడు మాటలు. యజమాని గతించిన తుపాకి గాని, లైసెన్సు గడువు తీరిన తుపాకి గాని, పాత తూటాలు గాని ఇంట నుంచుకొనక, చట్టము చెప్పినట్లు పోలీసు ఠాణాలోనో, లైసెన్సు గల వర్తకునివద్దనో ఒప్పగింపుడు. పాత తూటాలను విప్పుటకు పిల్లలను దగ్గరకు రానీయకుడు. చేనికి నష్టము కలిగినచో అటవీశాఖ కార్యాలయమునకు అర్జీ పెట్టి పరిహారము కోరుడు. వ్రాయుట తెలియని పొరుగువానికి మనలో చదువుకొన్నవారు కన్నడములో అర్జీ వ్రాసి పెట్టుడు. అది నాటుతుపాకికంటె మెల్లగా పనిచేయునేమో గాని, గాయపడిన మృగమును ఊరిమీదికి తోలదు.

వేట పోయినది, వేటగాని బాధ్యత మాత్రము తుపాకి ఉన్న ప్రతి ఇంటను మిగిలియే యున్నది.