విడిదిలో వాటా

గోదావరిఖనిలో గనికొలువు చాలించినవారి చేతికి గ్రాట్యుటీ సొమ్ము చేరినంతనే, విందునకు పిలిచి 'టైంషేరు' విక్రయించువారును చేరుచున్నారు. ఏడాదికొక వారము కొండపట్టున విడిది యని వారి మాట. మా పొరుగువారొకరు అట్లే సంతకము చేసిరి. కోరిన నెలలో గది దొరకలేదు. పోకున్నను నిర్వహణ రుసుము తప్పలేదు. మరల అమ్మజూడ కొనువాడు లేడు. ఏలయన, వారు కొన్నది ఇల్లు గాదు, నేల గాదు, కొన్నాళ్లుండు హక్కు మాత్రమే. కూతురి పెండ్లికి ఆ సొమ్ము అక్కరకు రాలేదని నేటికిని వగచుచున్నారు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టముచే, మోసపోయినవారు తాము నివసించు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షలు మించనిచో రుసుము లేదు. 2 ఏండ్లలోపల వేయవలెను. సలహాకు 1915 అను ఫోను సంఖ్య కలదు. అయినను, విందు తిన్ననాడే సంతకము చేయకుండుట అన్నిటికంటె మేలు. పత్రము నింటికి దెచ్చి, చదువరిచే ప్రతి పంక్తియు చదివించుకొనుడు.