ఏటి నడుమ ఒకనాడు

లాల్‌గడి మలక్‌పేట్‌లో నివసించు మాకు విహారమనగానే మొదట జ్ఞప్తికి వచ్చునది శామీర్‌పేట చెరువు. నైజాం ప్రభువుల కాలమున కట్టిన చెరువది. సికింద్రాబాదు నుండి కరీంనగరము పోవు దారిలో, ఇంచుమించు 24 కిలోమీటర్ల దూరమున నున్నది. మా ఊరి చుట్టును ఇప్పుడు జీనోమ్ వ్యాలీ వారి ప్రయోగశాలలు, మందుల కర్మాగారములు వెలసినవి. అయినను ఆదివారము వచ్చినదనగా చెరువుగట్టుమీద సద్దిమూటలు విప్పు కుటుంబములకు కొదువలేదు. పిల్లలకు దాపుననే జవహర్ జింకల వనము. పెద్దలకు గట్టుమీది చల్లగాలి. ఇంతకుమించి కోరవలసినదేమి యని మేమెప్పుడును తృప్తిపడుచుంటిమి.

ఒకనాటి సాయంకాలము గట్టుమీద కూర్చుండి యుండగా, మా ఇంటి చిన్నది నీటివంక చూచుచు ఒక ప్రశ్న వేసినది. "నాయినమ్మా, నీళ్ళ నడుమల నిలబడి చూస్తే గట్టు ఎట్ల కనబడ్తది?" ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రము మాలో నెవ్వరికిని తోచలేదు. చెరువును గట్టు నుండి చూచుట మేమందఱము ఎఱుగుదుము. నీటి నడుమ నిలిచి ఒడ్డును చూచినవారము కాము. ఆ జవాబు వెదకుచు మేము చేసిన రెండు చిన్న ప్రయాణములను గూర్చియే నేటి ఈ నాలుగు మాటలు.

మొదటిది దగ్గఱిది. హైదరాబాదు నడిబొడ్డుననే హుస్సేనుసాగరమున్నది గదా! ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున, 16వ శతాబ్దమున, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో కట్టిన సాగరమది. దాని నడుమ జిబ్రాల్టర్ రాక్ అను పేరుగల బండమీద బుద్ధభగవానుని నిలువెత్తు విగ్రహమున్నది. లుంబినీ పార్కు నుండి పడవ యెక్కిన కొలది నిమిషములలో అచటికి చేరవచ్చును. రాయగిరి వద్ద కొండనుండి తీసిన ఏకశిలను గణపతి స్థపతి ఆధ్వర్యవమున శిల్పులు మలచిరి. ఎత్తు సుమారు 58 అడుగులు. ఆ శిలను భూమిమీద మోసికొని వచ్చుట ఒక ఘనకార్యమైనది. కాని నీటిమీద ఆ కొద్దిపాటి దూరము దాటించుటయే దుస్సాధ్యమైనది. 1990 మార్చి 10వ తేదీన విగ్రహమును మోయు బల్లకట్టు ఒరిగి విగ్రహము సాగరములో మునిగెను. పలువురు ప్రాణములు కోల్పోయిరి. రెండేండ్లకు పైగా బుద్ధుడు నీటి అడుగుననే శయనించి, 1992 డిసెంబరు 1న లేచి తన పీఠముమీద నిలిచెను.

ఈ కథను మేము ఆ బండమీదనే కూర్చుండి పిల్లలకు చెప్పితిమి. వారు విగ్రహమును చూచుట మాని, మేము దాటివచ్చిన నీటివంక చూడసాగిరి. కథ వారికి అర్థమైనదనుటకు అంతకంటె గుర్తేమి కావలయును?

బండ మాత్రము బండయే. అచట గంటసేపు నిలువవచ్చునుగాని, చెట్టునీడను చాప పఱచుకొని దినమంతయు గడుపుటకు వీలులేదు. అట్టి సుఖము కావలెనన్నచో విజయవాడ వద్దనున్న భవానీ ద్వీపమునకు పోవలెను. హైదరాబాదు నుండి విజయవాడకు దాదాపు 275 కిలోమీటర్లు. రాత్రి రైలెక్కినవారు తెల్లవారుసరికి కృష్ణ ఒడ్డున నుందురు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, ఇంద్రకీలాద్రిమీది కనకదుర్గమ్మ చల్లని చూపునకు అందునంత దూరములో, సుమారు 130 ఎకరముల విస్తీర్ణమున ఈ లంక పచ్చగా నీటిలో తేలుచున్నట్లుండును. అమ్మవారి పేరే దీనికిని వచ్చినది.

ఇంత పెద్దనది అచట నిలకడగా, పడవ నడపుటకు అనువుగా ఎట్లున్నదని పిల్లలడుగుట సహజము. పెద్దలు ఈ జవాబును ముందే సిద్ధపఱచుకొనుట మంచిది. కృష్ణకు అడ్డముగా బెజవాడవద్ద మొదటి ఆనకట్టను 1852లో ఆరంభించి 1855లో ముగించిరి. దాదాపు నూఱేండ్లు సేవచేసిన ఆ కట్టకు 1952లో గండిపడెను. పిమ్మట కట్టిన బ్యారేజీ 1957లో ముగిసెను. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఆ యేడే పరమపదించిరి. వారి పేరే దానికి స్థిరమైనది. 70 తలుపులుగల ఆ కట్ట నిలిపిన నీరే డెల్టాలో పన్నెండు లక్షల ఎకరములకు పైగా మాగాణికి కాలువలగుండ పాఱుచున్నది. అనగా మన విహారపు పడవ తేలునది రైతు పొలమునకు పోవలసిన నీటిమీదనే. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు ఆ నీటిలో కాగితములు, సీసాలు విసరుటకు ముందు ఒక్క క్షణమైనను ఆలోచించును.

ఇక ద్వీపమున చేయవలసిన దేమి? మొట్టమొదట, పెందలకడ పోవలెను. ఎండ ముదురకముందు లంకలోని బాటలవెంట నడచుట మిక్కిలి హాయి. నీటి అంచున కొంగలు ఒంటికాలిమీద తపస్సు చేయుచుండును. నీటికాకి మునిగినచోట తేలక వేఱొకచోట తేలి పిల్లలను నవ్వించును. మాటలాపి కొంతసేపు నిలిచినవారికే ఈ వేడుకలు కనబడును. కొంచెము ప్రొద్దెక్కిన తరువాత ఇంద్రకీలాద్రి వైపు తిరిగి కూర్చుండి, అర్జునుడు తపస్సు చేసి పాశుపతము పొందిన కథ చెప్పుకొనవచ్చును. ఆ కొండయే ఆ తపోభూమి యని అచటివారి విశ్వాసము. ఏటికి ఆవలియొడ్డున సీతానగరము, దానికి చేరువనే ఉండవల్లి గుహలున్నవి. పడుకొనియున్న అనంతశాయి విగ్రహమును అచట ఒకే కొండలో తొలిచిరి. ద్వీపమునుండి తిరిగివచ్చిన పిమ్మట ఓపిక మిగిలినవారు దానిని కూడ చూడవచ్చును.

కార్తీకమాసమైనచో వనభోజనమునకు ఇంతకుమించిన తావులేదు. పులిహోర, దధ్యోదనము, నాలుగు అరటిపండ్లు చాలును. ఆకులు, కాగితములు, సీసాలు మాత్రము మోసికొని తిరిగి రావలెను. లంకలో విడిచిన చెత్త మున్ముందుగా కృష్ణలోనికే పోవును. ఆటవస్తువులు, వసతి గృహములు, నీటి క్రీడలు ప్రభుత్వ పర్యాటకశాఖవారు ఎప్పటికప్పుడు ఏర్పాటు చేయుచున్నారు. వఱదలు వాటిని ఎప్పటికప్పుడు పాడుచేయుచున్నవి. కావున ఆ దినమున ఏవి తెఱచియున్నవో ఘట్టమువద్దనే అడిగి తెలిసికొని పోవుట మేలు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాము. మేము వెళ్ళినది ఒక కార్తీక ఆదివారము. రేవు క్రిక్కిరిసియున్నది. ఒక పడవ బయలుదేరుటకు సిద్ధముగా నుండెను. కూర్చుండుటకు చోటులేక కొందఱు అప్పటికే నిలిచియుండిరి. పడవమీది మనిషి మమ్ములను చూచి, "ఇంకో ఆరుగురేగదండీ, సర్దుకుంటారు, రండి రండి!" అని చేయి ఊపెను. పిల్లలకు తొడుగు లైఫ్ జాకెట్ లేవని అడుగగా, "పది నిమిషాల ప్రయాణానికి అవెందుకండీ?" అని నవ్వెను. పిల్లలు అప్పటికే ఒక కాలు ముందుకు వేసియుండిరి. మాలో కొందఱము కూడ, అందఱు పోవుచుండగా మనకేమియని తలంచితిమి. మా ఇంటి పెద్దావిడ మాత్రము పిల్ల చేయి వదలలేదు.

"నాయినమ్మా, మనమెందుకు ఎక్కలె? అందరు పోతున్నరు గద!" అని చిన్నది ఏడుపు మొగము పెట్టినది.

"ఆగు బిడ్డా. పడవ మళ్ళ వస్తది. మనిషి మళ్ళ రాడు," అని ఆమె బదులు చెప్పినది.

పడవ వెళ్ళినది. మేము రేవులో ఎండలో ముప్పావుగంట నిలిచితిమి. చిన్నది మాతో మాట మానినది. సత్యము చెప్పవలెనన్నచో, ఆ పడవ క్షేమముగనే చేరి క్షేమముగనే తిరిగివచ్చెను. దానిని చూచినప్పుడు మాకు కొంచెము సిగ్గు కూడ కలిగినది. వృథాగా పిల్లలను ఏడిపించితిమేమో యని తలంచితిమి. తరువాత వచ్చిన పడవలో అందఱకును జాకెట్లిచ్చిరి, లెక్కపెట్టి ఎక్కించిరి. అప్పుడు మాకు తోచినదేమనగా, అపాయము ప్రతిదినము జరుగదు. అందుచేతనే మనము దానిని మఱచిపోవుదుము. తొంబదితొమ్మిది మాఱులు క్షేమముగా చేరిన పడవయే నూఱవమాఱు మనలను ఏమఱుపాటున పట్టుకొనును.

ఇది వట్టి భయము కాదు. 2017 నవంబరు 12న, అదియు కార్తీక ఆదివారమే, ఈ ద్వీపమునకు ఎగువన ఇబ్రహీంపట్నము వద్ద పవిత్ర సంగమము చెంత విహారపు పడవ ఒకటి బోల్తాపడి ఇరువది మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు ఒంగోలు నుండి వచ్చిన యాత్రికులు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పాపికొండలకు పోవు పడవ మునిగి అనేక కుటుంబములు శోకములో మునిగెను. వీరెవ్వరును సాహసము చేయబోయినవారు కారు. మనవలెనే ఆదివారమున సద్దిమూట కట్టుకొని బయలుదేరినవారు.

కావున గృహస్థులు కొన్ని నియమములు పెట్టుకొనవలెను. అనుమతిగల రేవునందే పడవ యెక్కవలెను. ఎందఱు ఎక్కవచ్చునో పడవమీద వ్రాసియుండవలెను. వ్రాయనిచో అడుగవలెను. లైఫ్ జాకెట్ చేతపట్టుకొనుట గాక, ఒంటికి తొడిగి ముడులు బిగించవలెను. పిల్లలకు పిల్లల కొలత జాకెట్టే కావలెను. అందఱు ఒక ప్రక్కకు లేచి ఫొటోలు తీయరాదు. పడవ ఒరుగునది అట్లే. తిరుగు పడవ ఎన్ని గంటలకో పోవుచున్నప్పుడే తెలిసికొనవలెను. ఆలస్యమైనచో చివరి పడవలోనికి అందఱును త్రోసికొందురు. ఎంత నిలకడగా కనబడినను నదిలో దిగి ఈదరాదు. పైన నీరు కదలకున్నను అడుగున ప్రవాహముండును. ఈ చివరి మాట మా శామీర్‌పేట చెరువునకు కూడ వర్తించును.

ఋతువును గమనించుట మఱియొక ముఖ్యవిషయము. ఆగస్టు నుండి అక్టోబరు వఱకు కృష్ణకు వఱదకాలము. 2009 అక్టోబరులో బ్యారేజీ మహాప్రవాహమును చూచెను. 2019 ఆగస్టులో ద్వీపము నీటమునిగెను. 2024 సెప్టెంబరు మొదట వచ్చిన వఱదలో 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు బ్యారేజీ దాటెను. అంతకుముందు ఎన్నడును అంత నీరు పోయి యెఱుగరు. కట్టు తెగిన పడవలు కొట్టుకొనివచ్చి తలుపులచెంత బరువు దిమ్మెలను దెబ్బతీసెను. ద్వీపములోని కట్టడములును పాడైనవి. మనము నడచిన బాటమీద నిలువెత్తు నీరు పాఱినదని తలంచుకొనిన ఆశ్చర్యమగును. ఇది మన దేశపు మాట మాత్రమే కాదు. కెనడాలో టొరాంటో నగరమునకు ఎదురుగానున్న దీవులు, ఇప్పుడు ఆ నగరవాసులకు ప్రియమైన ఉద్యానవనములు, ఒకప్పుడు ఒడ్డుతో కలిసియున్న ఇసుకతిన్నెయే. 1858లో పెనుతుపాను ఆ తిన్నెను త్రెంచగా అవి దీవులైనవి. నీరు చేసిన దీవిని నీరే మార్చును. మనము అచట అతిథులము మాత్రమే.

సాయంకాలము మేము తిరుగు పడవకై రేవుచెంత నిలిచియున్నప్పుడు ప్రొద్దు వాలుచుండెను. కొండమీద దీపములు ఒక్కొక్కటియే వెలుగుచుండెను. చిన్నది అప్పటికి అలక తీఱి నాయనమ్మ చీరచెఱగు పట్టుకొని ఒడ్డువంక చూచుచుండెను. గట్టు ఎట్లు కనబడుచున్నదని మేమడిగితిమి. కొంచెముసేపు ఆలోచించి, "ఇల్లు లెక్క కనబడ్తున్నది," అన్నది. ఆ తరువాత మేము చెప్పకముందే జాకెట్ తానే తొడిగికొని, ముడి వేయుమని నాయనమ్మ ముందు నిలిచినది.

ఏటి నడుమకు పోవుటయందలి ఫలమంతయు ఆ ఒక్కమాటలో నున్నది. ఒడ్డుననుండి చూచినంతకాలము నీరే సొగసుగా తోచును. నీటి నడుమ నిలిచిననాడు ఒడ్డు ఎంత ప్రియమైనదో తెలియును. పిల్లలను తీసికొనిపొండు. దినమంతయు ఆడుకొననిండు. కాని ఎంతమందితో పడవ యెక్కితిరో అంతమందితో ఒడ్డుకు చేరుటయే విహారమునకు చివరి ఘట్టమని మఱువకుడు. అందులకై ఒక పడవను విడువవలసివచ్చినను, ముప్పావుగంట ఎండలో నిలువవలసివచ్చినను, పిల్లల అలకను సహింపవలసివచ్చినను, అది పెద్ద వెలకాదు.