థైరాయిడ్: చిన్న గ్రంథి, పెద్ద బాధ్యత

గొంతు ముందు భాగంలో, శ్వాసనాళాన్ని ఆనుకుని సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి ఉంటుంది. అదే థైరాయిడ్. బరువు సుమారు 20 గ్రాములే. కానీ అది నేరుగా రక్తంలోకి వదిలే హార్మోన్లే గుండె వేగాన్ని, ఒంటి వేడిని, ఆహారం శక్తిగా మారే తీరును అదుపు చేస్తాయి.

దీనికి ఆదేశాలిచ్చేది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పిట్యూటరీ టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను ఎక్కువగా పంపుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. అందుకే థైరాయిడ్ మందగించినవారి రక్తపరీక్షలో సాధారణంగా టీఎస్‌హెచ్ ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ హార్మోన్ల తయారీకి అయోడిన్ తప్పనిసరి. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు కావాలి. గర్భిణులకు ఇంకా ఎక్కువ. అయోడిన్ బాగా తగ్గితే గ్రంథి ఉబ్బి గాయిటర్ వస్తుంది. కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల కూడా దెబ్బతినవచ్చు. మన దేశంలో 1962లోనే గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

వదలని నీరసం, మలబద్ధకం, చలికి తాళలేకపోవడం, కారణం లేకుండా బరువు పెరగడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. డాక్టరు థైరాయిడ్ మాత్ర రాస్తే పరగడుపున వేసుకోండి. ఒంట్లో బాగుందని మీ అంతట మీరు మానేయకండి. వంటకు అయోడిన్ ఉప్పే వాడండి, అయోడిన్ పోకుండా డబ్బాకు మూత బిగించి ఉంచండి.