చదువుల వాకిట మోనికమ్మ
(ప్లాటినం జూబ్లీ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాలల ఉత్సవాలలో వ్యవస్థాపకుల పేర్లు, ప్రధానోపాధ్యాయుల పేర్లు, ఉన్నత పదవులను అందుకొన్న పూర్వ విద్యార్థుల పేర్లు వినిపించడం ఆనవాయితీ. పిల్లవాణ్ణి చేయి పట్టుకొని బడి గడప దాకా తెచ్చి, లోపలికి పంపి, తిరిగి ఇంటి పనికి మళ్ళిన తల్లి పేరు హాజరు పట్టికకు ఎక్కదు. అటువంటి తల్లులలో ఒకామె పేరు మాత్రం పదహారు శతాబ్దాలకు పైగా నిలిచి ఉన్నది. ఆమె పునీత మోనికమ్మ. తెలుగు కతోలిక కుటుంబాలలో ఆడపిల్లలకు ఈనాటికీ పెట్టుకొనే పేరు అది. ఏటా ఆగస్టు 27న ఆమె పండుగ. మరునాడే ఆమె కుమారుడు పునీత అగస్టీను పండుగ.

ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియా దేశపు సూక్ అహ్రాస్ పట్టణం ఉన్న చోట, రోమను సామ్రాజ్య కాలంలో తగాస్తె అనే చిన్న ఊరు ఉండేది. మోనికమ్మ సంసారం సాగినది అక్కడ. క్రీ.శ. 331-32 ప్రాంతంలో క్రైస్తవ కుటుంబంలో జన్మించినది. ఆమె జీవిత కథ చాలావరకు కుమారుడు లత్తీనులో రచించిన ‘ఒప్పుకోలు’ గ్రంథం వల్ల లోకానికి తెలిసినది. ఆ కుమారుడు తల్లి లోపాలను సైతం దాచలేదు. చిన్నతనంలో పీపా నుండి ద్రాక్షారసం తెమ్మని పెద్దలు పంపితే, ఒక చుక్క చప్పరించడం ఆమెకు అలవాటైనది. చుక్క కాస్తా గిన్నె అయినది. ఒకనాడు జగడంలో ఇంటి దాసి తాగుబోతు అని ఎత్తిపొడిచినది. ఆ మాట గుండెలో గుచ్చుకొని, ఆనాటి నుండి బాలిక ఆ అలవాటు మానుకొన్నది. తల్లి గుణగానానికి పూనుకొన్న కొడుకు ఈ ముచ్చటను వదలకుండా వ్రాయడం విశేషమే.

భర్త పత్రీసియస్ అప్పటికి అన్యమతస్థుడు. దయ గలవాడే కాని మహా కోపిష్ఠి. అతడు కోపంగా ఉన్నప్పుడు ఎదురాడక, చల్లబడిన పిదప తన మాట చెప్పుకోవడం ఆమె పద్ధతి. మొగుళ్ళ చేత దెబ్బలు తిని వచ్చిన ఇరుగుపొరుగు స్త్రీలకూ ఆమె అదే ఉపాయం చెప్పినది. ఈ ఉపాయాన్ని నేటి కాలం యథాతథంగా మెచ్చుకోదు, మెచ్చుకోవలసిన పనీ లేదు. ఆమెలోని మరొక గుణం మాత్రం ఏ కాలానికైనా అపురూపమే. ఒకరిపై ఒకరు కత్తులు నూరుకొనే ఇద్దరు స్త్రీలు వేర్వేరుగా వచ్చి తమ కక్షను ఆమె వద్ద వెళ్ళగ్రక్కినా, ఒకరి మాట రెండవ వారికి మోసేది కాదు. కలిపే మాట ఉంటే అదొక్కటే చెప్పేది. దాసీల చాడీలు విని మొదట్లో పగబట్టిన అత్తగారు సైతం క్రమంగా కోడలి పక్షమే అయినది.

354 నవంబరు 13న అగస్టీను పుట్టినాడు. నవీజియస్ అనే మరొక కుమారుడు, ఒక కుమార్తె కూడా ఆమెకు ఉన్నారు. అగస్టీను బడి చదువును గురించి వ్రాసిన పుటలు ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోదగినవి. లత్తీను భాష అతనికి దాదుల ముద్దుమాటల మధ్య, నవ్వే వారి నడుమ, ఏ భయమూ లేకుండా అబ్బినది. గ్రీకు భాష బెత్తంతో వచ్చినది, అందుచేత అది రుచించలేదు. దెబ్బలు తప్పించమని ఆ పసివాడు దేవుణ్ణి వేడుకొనేవాడట. పెద్దలు నవ్వేవారు. నవ్విన వారిలో తల్లిదండ్రులూ ఉన్నారని అతడు వ్రాసినాడు. ఇంటి భాష, బడి భాష వేరైన చోట పిల్లలను పెంచుతున్న వారికి ఈ మాట వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

ఆ కుటుంబం కలిగినది కాదు. పదహారవ ఏట అగస్టీను ఒక సంవత్సరం చదువు ఆపి ఇంట కూర్చోవలసి వచ్చినది. కార్తేజి నగరానికి పంపడానికి తండ్రి సొమ్ము కూడబెడుతున్నాడు. కొడుకు వెళ్ళిన కొద్దికాలానికే తండ్రి జ్ఞానస్నానం పొంది మరణించినాడు. ఊరి ధనికుడు రోమానియానస్ ఆదుకొన్నాడు. వితంతువైన తల్లి తన వంతు ఖర్చు భరించినది. అంత కష్టపడి పంపిన చదువే కొడుకును ఆమె చేతి నుండి తీసుకొని పోయినది. అతడు మానీ మతంలో చేరినాడు. వివాహం లేకుండానే ఒక స్త్రీతో కాపురం పెట్టినాడు. ఒక కొడుకు పుట్టినాడు. తల్లి మొదట అతణ్ణి తన భోజన పంక్తికి రానివ్వలేదు. పిదప, తాను నిలిచిన చోటనే కొడుకు నిలిచినట్లు కల వచ్చిన మీదట, మరల ఇంటిలో చోటిచ్చినది. కొడుకుతో వాదించి దారికి తెమ్మని ఒక పీఠాధిపతిని విసుగెత్తేదాకా వేధించినది. ఇన్ని కన్నీళ్ళు కార్చిన తల్లి బిడ్డ చెడిపోడని చెప్పి ఆయన ఆమెను సాగనంపినాడు.

383లో అగస్టీను రోము నగరానికి ప్రయాణమైతే ఆమె ఓడరేవు దాకా వచ్చి పట్టుకొన్నది. వెళితే తననూ తీసుకొని వెళ్ళమన్నది. అతడు అబద్ధమాడి, ఆమె పునీత సిప్రియాను స్మారక ఆలయంలో ప్రార్థిస్తూ ఉండగా రాత్రికి రాత్రి ఓడ ఎక్కినాడు. రెండేళ్ళలో ఆమె కూడా సముద్రం దాటి, అతడు అలంకారశాస్త్ర ఆచార్యుడుగా ఉన్న మిలాను నగరం చేరుకొన్నది. తుపానులో నావికులకే ధైర్యం చెప్పినదట. ఆఫ్రికాలో తమ ఆచారం ప్రకారం జావ, రొట్టె, ద్రాక్షారసం తీసుకొని వేదసాక్షుల సమాధుల వద్దకు పోవడం ఆమెకు అలవాటు. మిలానులో పీఠాధిపతి పునీత అంబ్రోసు దానిని నిషేధించినారని ద్వారపాలకుడు ఆపినాడు. మారు పలుకక ఆమె బుట్టతో వెనుదిరిగినది. పరాయి ఊరిలో స్వంత ఊరి ఆచారాన్ని వదలుకోవడం ఎంత కష్టమో తెలిసినవాడు గనుక, కొడుకు ఆ విధేయతకు ఆశ్చర్యపడినాడు.

మిలానులో జరిగిన ఒక సంగతిని ఆమె భక్తులు తొందరగా దాటవేస్తారు. కొడుకుకు ఉన్నత కుటుంబపు సంబంధం కుదర్చడానికి మోనికమ్మ గట్టిగా పూనుకొన్నది. అందుకు అడ్డమని, పదిహేనేళ్ళ వరకు కలిసి బ్రదికిన ఆ స్త్రీని, మనుమని కన్న తల్లిని, ఆఫ్రికాకు పంపివేసినారు. పిల్లవాడు తండ్రి వద్దనే ఉండిపోయినాడు. ఆమె పేరు అగస్టీను ఎక్కడా వ్రాయలేదు, గుండె చీలి రక్తం కారినదని మాత్రం తెలియజేసినాడు. కుదిరిన ఆ వివాహమూ జరుగలేదు. మోనికమ్మను పునీతురాలుగా కొలిచేవారు ఈ పేరు లేని తల్లిని కూడా స్మరించడం న్యాయం.

ఆ మనుమని పేరు అదెయోదాతు. తెలుగులో చెప్పాలంటే దేవదత్తుడు. 386 శరత్కాలంలో అగస్టీను ఉద్యోగం మాని, తల్లితో, సోదరునితో, కుమారునితో, కొందరు శిష్యులతో కసిసియాకుం అనే పల్లె ఇంటికి తరలినాడు. అక్కడ జరిగిన చర్చలను లేఖకులు వ్రాసి ఉంచినారు. ఇల్లు నడిపేది, చర్చలో మునిగిన వారిని అన్నానికి తరిమేది మోనికమ్మ. మరుగుదొడ్డిలో కీర్తన పాడిన శిష్యుణ్ణి మందలించినదీ ఆమెయే. అయితే ఆమె స్థానం వంటింటితో ఆగలేదు.

ఒకనాడు ఆమె లోపలికి వచ్చి చర్చ ఎంతవరకు వచ్చినదని అడిగితే, ఆ ప్రశ్నను కూడా వ్రాయమని కొడుకు లేఖకుణ్ణి ఆదేశించినాడు. మీరు చదివే గ్రంథాలలో ఆడవారు ఇట్లా చర్చలలో చేరినట్లు ఉన్నదా అని ఆమె అభ్యంతరం చెప్పినది. పూర్వం స్త్రీలు కూడా తత్త్వచింతన చేసినారని, ఆమె తత్త్వం తనకు ఎంతో ఇష్టమని అతడు బదులిచ్చినాడు. ఆమె మాటతీరుకు జంకవలసిన పని లేదన్నాడు. తన ఉచ్చారణనే ఇటలీ వారు తప్పు పడుతున్నారని చెప్పుకొన్నాడు. రాజధానిలో అలంకారశాస్త్రం బోధించినవాడికే యాస నింద తప్పలేదు!

అగస్టీను పుట్టినరోజున మొదలై మూడు రోజులు ఆనందమంటే ఏమిటనే చర్చ నడిచినది. కోరినది దొరికితే మనిషి సుఖపడతాడా అని అతడు అడిగినాడు. మంచిని కోరి పొందితే సుఖమే, చెడును కోరి పొందితే దుఃఖమే అని తల్లి చెప్పినది. సిసిరో వ్రాసినదీ అదేననీ, ఆమె తత్త్వశాస్త్రపు కోటనే పట్టుకొన్నదనీ కొడుకు ఆనందించినాడు. సత్యం ఎన్నటికీ దొరకదని వాదించే పండితులెవరో వివరించినప్పుడు, మూర్ఛరోగులకు తమ ఊరి జనం వాడే మోటు మాట ఒకటి వారికి తగిలించి ఆమె లేచి పోయినది. అందరూ నవ్వుతూ ఆనాటి సభ చాలించినారు. దేవుణ్ణి కలిగి ఉన్నవాడెవడు అన్న ప్రశ్నకు తలా ఒక సమాధానం చెప్పగా, అందరిలో చిన్నవాడైన దేవదత్తుడు అపవిత్రమైన ఆత్మ లేనివాడు అన్నాడు. నాయనమ్మకు అన్నిటి కంటె ఆ జవాబే నచ్చినది.

387 ఈస్టరు రాత్రి అంబ్రోసు తండ్రీ కొడుకులిద్దరికీ జ్ఞానస్నానమిచ్చినారు. ఆఫ్రికాకు తిరిగి పోవడానికి వారు ఓస్తియా రేవుకు వచ్చినారు. అక్కడ, తోట వైపు కిటికీ వద్ద తల్లీ కొడుకులు నిత్యజీవాన్ని గురించి చాలాసేపు మాట్లాడుకొన్నారు. కొద్ది దినాలకే ఆమెకు జ్వరం వచ్చినది. స్వంత ఊరిలో భర్త ప్రక్కన సమాధి కావాలని ఆమె ఎన్నో ఏళ్ళుగా కోరుకొన్నది, చోటు కూడా సిద్ధం చేయించుకొన్నది. పరాయి గడ్డపై కాక స్వదేశంలో కన్నుమూస్తే బాగుండునని నవీజియస్ అన్నాడు. ఆమె అతని వైపు అదోలా చూసి, ఈ దేహాన్ని ఎక్కడైనా పెట్టండి, ఎక్కడ ఉన్నా దేవుని బలిపీఠం వద్ద తలచుకోండి అన్నది. సముద్రాలు దాటి కొడుకును పట్టుకొన్న మనిషి, చివరకు ఊరి మట్టిని కూడా అడుగలేదు. తొమ్మిదవ నాడు, యాభై ఆరవ ఏట, ఆమె మరణించినది.

అప్పుడు బిగ్గరగా ఏడ్చినవాడు దేవదత్తుడొక్కడే. పెద్దలందరూ కలిసి ఆ పిల్లవాణ్ణి ఊరుకోబెట్టినారు. అగస్టీను బిగపట్టుకొని, ఆ పిదప ఒంటరిగా ఏడ్చినాడు. రెండేళ్ళకు తండ్రీ కొడుకుల సంభాషణ రూపంలో ‘గురువు’ అనే గ్రంథం వెలువడినది. కొంతకాలానికే ఆ బాలుడు యవ్వనంలోనే మరణించినాడు. అందులో వాని పేర ఉన్న మాటలన్నీ వాని సొంత ఆలోచనలేనని తండ్రి సాక్ష్యమిచ్చినాడు.

ఆమె అవశేషాలను 1430లో రోము నగరానికి తరలించినారు. ఓస్తియాలోని సమాధి ఆచూకీ చాలాకాలం మరుగుపడినది. 1945లో ఆ ఊరి పునీత అవురేయా ఆలయం ప్రక్క ఆవరణలో ఇద్దరు పిల్లలు ఆటస్తంభం నాటుకోవడానికి గొయ్యి తవ్వుతూ ఉంటే, మోనికమ్మ స్మారక శిలాశాసనపు ముక్క ఒకటి బయటపడినది.