ఏకబిగిన చూడటం

(పొదిలిలో చదువుకుంటున్న మహిళలతో చెప్పిన మాటలు)



ఈ రోజు ఒక కొత్త మాట నేర్చుకుందాం. ఆ మాట 'బింజ్ వాచింగ్'. చదువుకునే పిల్లల నోట ఇది వినిపిస్తూ ఉంటుంది. దీని అర్థం ఏమిటి?

వాచింగ్ అంటే చూడటం. బింజ్ అంటే అదుపు లేకుండా ఒక్కసారే అతిగా తినడం, తాగడం. రెండూ కలిస్తే, ఒక సీరియల్ భాగాలను వరసపెట్టి ఆపకుండా చూడటం. తెలుగులో 'ఏకబిగిన చూడటం' అనవచ్చు. 2015లో కాలిన్స్ అనే ఇంగ్లీషు నిఘంటువు వారు ఈ మాటను ఆ ఏటి మేటి మాటగా ఎంచారు. నిఘంటువు అంటే మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం.

ఎలా వాడతారు? "రాత్రి పది భాగాలు బింజ్ చేశాను" అంటారు. రోజూ ఒక్క భాగం చూసి లేస్తే అది బింజ్ కాదు.

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ మొదలైంది. ఆదివారానికి ఒక భాగం. తర్వాత కథ కోసం వారం ఆగాల్సిందే. ఇప్పుడు ఫోనులో చాలా కథలు మొదటినుంచి చివరిదాకా ఒక్కచోటే దొరుకుతాయి.

"తిరునాళ్లలో తెల్లవార్లూ నాటకం చూసేవాళ్లం గదా! అదీ ఇదీ ఒకటే గదా?" అని మీరు అడగవచ్చు. ఒకటి కాదు. తెల్లారితే నాటకం అయిపోతుంది. అది ఏడాదికి ఒకటి రెండు రాత్రులే. ఫోనులో ఒక భాగం కాగానే ఇంకొకటి దానంతట అదే మొదలవుతుంది. దీన్ని 'ఆటోప్లే' అంటారు. మధ్యలో ప్రకటనలు వస్తాయి. మనం ఎంత ఎక్కువ చూస్తే, చూపించేవాళ్లకు అంత రాబడి.

మరి నష్టం ఎవరికి? పొద్దున్నే మిరపకాయల కోతకు పోవాలి. నిద్ర లేకపోతే ఎండలో తల తిరుగుతుంది. ఇంకో నష్టమూ ఉంది. నేర్చుకున్న అక్షరాలు చదవకపోతే మరుగున పడతాయి. పుస్తకం పట్టాల్సిన అరగంట ఆ సీరియల్‌లోనే కలిసిపోతుంది.

చూడటం తప్పు కాదు. పగలంతా చాకిరీ చేసిన మనిషికి కథ కావాలి. కాని ఎప్పుడు ఆపాలో చెప్పేది ఎవరు? మనమా, ఫోనా? యూట్యూబ్‌లో ఆటోప్లేను ఆపేయవచ్చు. ఎలాగో పిల్లల్ని అడిగి నేర్చుకోండి. ఎన్ని భాగాలు చూడాలో ముందే అనుకోండి. తెరమీద వచ్చే పేర్లు పైకి చదవండి. అదీ చదువే.

మాట్లాడుకోండి:
1. మీ ఇంట్లో ఏకబిగిన చూసేది ఎవరు? ఆడవాళ్లా, మగవాళ్లా, పిల్లలా?
2. 'ఏకబిగిన' అనే మాటతో ఒక వాక్యం రాయండి.